ఎడమచేతి తుపాకీ

భర్త ఎడ్విన్ పోయాక మేవిస్ ఏ తుపాకీ పట్టాలో వియర్‌డేల్ లోయలో అందరికీ తెలుసు, మేవిస్‌కి తప్ప. సంతలో గొర్రెలు బేరమాడేవాళ్ళు చెప్పారు. పాలవాడు చెప్పాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక టీ పోస్తూ పాస్టరు గారి భార్య కూడా చెప్పింది, ఆవిడ జన్మలో గులేరు కూడా పట్టిన పాపాన పోలేదు. సలహాకి సుంకం లేదు కదా.

మేవిస్ క్వారీ పనివాడి కూతురు. బడి వంటగదిలో పిల్లలకి బంగాళాదుంపలు ఉడకబెడుతూ వయసు వెళ్ళదీసింది. సాయంత్రమైతే మాత్రం ఎడ్విన్ పాత ట్రక్కులో అతని పక్కన కూర్చునేది. ఎడ్విన్ పని కుందేళ్ళు కొట్టడం. పది కుందేళ్ళు మేసే గడ్డితో ఒక గొర్రె బతుకుతుందని ఆ కొండల మీద రైతుల లెక్క. పైగా వాటి బొరియల్లో కాలు పడి గొర్రెలు కుంటివవుతాయి. అతను కొట్టేవాడు, ఆమె తోలు ఒలిచేది. ఏ గట్టు దగ్గర ఏ పూట కుందేలు బయటికొస్తుందో అతని కంటే ఆమెకే బాగా తెలుసని ఎడ్విన్ నవ్వుతూ ఒప్పుకునేవాడు, ఇంట్లో మాత్రమే.

అందుకే ఆ పని తనే చేస్తానంది. పోలీసుల లైసెన్సు వచ్చింది, అందులో ఒక్క చిన్న తుపాకీకే చోటు. ఇక మిగిలింది పియర్ట్ ముసలాయన. లోయలో అందరికంటే పెద్ద పచ్చిక ఆయనది. ఆయన సరేనంటే మిగతా రైతులూ సరేనంటారు, కాదంటే పని పట్నం నుంచి వ్యానులో వచ్చే కుర్రాడికి దక్కుతుంది. "ఒకసారి వచ్చి కొట్టి చూపించమ్మాయ్, తర్వాత మాట్లాడదాం" అన్నాడాయన. ఆ పని దొరక్కపోతే సాయంత్రాలు ఆ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. మేవిస్ భయమల్లా అదే.

మరిది క్లైవ్ వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"వదినా, నా మాట విను. సెవెంటీన్ సైజు తుపాకీ కొనుక్కో. తూటా చూస్తే బియ్యపు గింజంత, పోవడం మాత్రం మెరుపే. రాయికి తగిలినా అక్కడే పిండైపోతుంది, ఎగిరి పక్కోడి మీద పడదు."

"మరి చప్పుడో?"

"చప్పుడంటే... కొంచెం టప్పుమంటుంది."

"కొంచెమా? నువ్వు నీ పొలంలో కాలిస్తే మా పిల్లి మంచం కిందికి దూరుతోంది. పియర్ట్ గారి చూడి గొర్రెల మధ్య ఆ మోత మోగించానంటే ఆయన నన్నే కాల్చేస్తాడు."

"అన్నయ్య ట్వంటీటూ తూటా నిదానం వదినా. రాయికి తగిలితే ఎటు లేస్తుందో దేవుడికే తెలియదు."

"వెనకాల మట్టిగట్టు లేకపోతే మీ అన్న కాల్చేవాడా? నేనూ కాల్చను. ఆ ట్వంటీటూ ఉంది, అదే చాలు నాకు."

క్లైవ్ కప్పు పక్కకి జరిపాడు. "అన్నయ్యది ఎడమచేతి వాటం. అది కూడా ఆరడుగుల మనిషికి చేసిన తుపాకీ. నువ్వేమో..." అంటూ చెయ్యి బల్ల ఎత్తుకి పెట్టి చూపించాడు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు? నా భుజం, నా ఇష్టం. టీ తాగేసి బయల్దేరు."

అతను చెప్పింది నిజమని ఆమెకి తెలుసు. తెలిసే కోపం వచ్చింది.

ఎడ్విన్ పోయినప్పటి నుంచీ అతని తుపాకీ, తుపాకులమ్మే రోలండ్ దుకాణంలో, ఇనప బీరువాలో ఉంది. రోలండ్ దాన్ని బయటికి తీసి ఆమె భుజానికి ఆనించి చూశాడు. భుజానికి ఆనాల్సిన కొయ్య మడమ చంక కిందికి జారిపోతోంది. గురి అద్దం అందుకోవడానికి ఆమె మెడ కొంగలా చాచాల్సి వచ్చింది. తూటా ఎక్కించడానికి బోల్టు లాగే పిడి ఎడమవైపుంది. ఆమె ఎడమ కంటికి చిన్నప్పటి నుంచీ చూపు మందం, కాబట్టి భుజం మార్చే మాటే లేదు.

"ఇలాంటి ట్వంటీటూయే పాతది ఇంకోటుందమ్మా. పొట్టి మడమ, కుడిచేతిది. లేదంటే దీని మడమే కాస్త కోసి..."

"దాని మీద రంపం పెట్టావంటే నీ దుకాణం మెట్టెక్కను" అంది మేవిస్.

అట్ట మీద గురి చూసుకుంది. ఇసకసంచీ మీద ఆనించి, నిదానంగా, ఊపిరి బిగబట్టి కాలిస్తే బాగానే పడ్డాయి. అట్ట కదలదు కదా.

పియర్ట్ పచ్చికకి ఎండ వాలే వేళకి వెళ్ళింది. ముసలాయన గేటుకి ఆనుకుని ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు. ఆమె రాతిగోడ వెంట వంగి వంగి నడిచి, గాలికి ఎదురుగా చేరింది. గట్టు కింద కుందేలు కూర్చుని ఉంది, వెనక మెత్తటి మట్టి. ఎడ్విన్ ఉంటే కొట్టు అనేవాడు. మేవిస్ మెడ చాచింది. అద్దంలో ఒక అంచున నల్లటి నీడ పడింది. ఆ నీడ ఉందంటే కన్ను సూటిగా లేదన్నట్టే, అప్పుడు మీట నొక్కకూడదని తెలుసు. గేటు దగ్గర మనిషి చూస్తున్నాడు. నొక్కేసింది.

తూటా వెనక కాళ్ళలో తగిలింది. కుందేలు అరిచింది. ఆ అరుపు పసిపిల్ల ఏడుపులా ఉంటుంది, ఎన్నాళ్ళు విన్నా అలవాటు కాదు. ముందు కాళ్ళ మీద ఈడ్చుకుంటూ బొరియలోకి పోయింది.

ఎడ్విన్‌కి ఒక నియమం ఉండేది. దెబ్బ తిన్న జీవం కన్నుగప్పి పోతే తుపాకీ సంచిలోకి వెళ్ళిపోవాలి, ఆ పూటకి మళ్ళీ బయటికి రాకూడదు. జీవం దొరికేదాకా మనిషి ఇంటికి పోకూడదు. అతను బతికుండగా దీన్ని చూసి నవ్విన రైతులే ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నారు. పోయినోళ్ళ కళ్ళు చారెడు. మేవిస్ తూటా తీసేసి, తుపాకీ సంచిలో పెట్టి, మోకాళ్ళ మీద కూలబడి బొరియలో భుజందాకా చెయ్యి పెట్టింది. అందలేదు. గోళ్ళతో మట్టి తవ్వసాగింది.

కాసేపటికి పక్కన ఒక పార దిగింది. పియర్ట్ తవ్వుతున్నాడు. చివరికి ఆమె చేతికి వెచ్చటి బొచ్చు తగిలింది. బయటికి లాగి ఒక్క విసురుతో మెడ విరిచింది. ఆ పనిలో ఆమె చెయ్యి తప్పదు. తర్వాత ఆ కుందేల్ని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. సిగ్గుతో మొహం మండిపోతోంది.

"ఎడ్విన్ అయితే ఇప్పుడేం చేసేవాడు?" అన్నాడు పియర్ట్.

"ఇంటికెళ్ళిపోయేవాడు."

"మరి నువ్వు?"

"నేనూ వెళ్తున్నా. వ్యాను కుర్రాణ్ణి పిలుచుకోండి."

ముసలాయన పార మట్టి బూటుకేసి దులిపాడు. "వాడు పోయిన వారం వచ్చి చూపించాడు. ఒకటి దెబ్బ తిని పోతే ఇంకోదాని మీద గురిపెట్టాడు. గొర్రెలు ఈనకముందే రా అమ్మాయ్. నీకు సరిపోయేది పట్టుకుని రా."

మర్నాడు పొద్దున్నే రోలండ్ దుకాణం తలుపు తీసేసరికి ఎడ్విన్ తుపాకీ సంచితో ఆమె అరుగు మీద ఉంది. పొట్టి తుపాకీ ఇమ్మంది. కళ్ళు మూసుకుని భుజానికెత్తి, ఆనించి, అప్పుడు కళ్ళు తెరిచింది. అద్దం నడిమధ్యలో గురి గీతలు, ఎక్కడా నీడ లేదు. మెడ చాచే పనే లేకపోయింది. "ఇదే" అంది, చిన్న గొంతుతో.

"మరి ఎడ్విన్ గారిది?"

"ఎడమచేతివాడికి ఇయ్యి. పొడుగు మనిషికి."

ఇచ్చేముందు దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుంది. కొయ్యకి కుడివైపున అరచెయ్యంత మేర వార్నిష్ పోయి నున్నగా మెరుస్తోంది. ఎడ్విన్ ఇన్నేళ్ళూ చెంప ఆనించిన చోటు. ఎడమచేతివాడి చెంప కుడివైపునే ఆనుతుంది. తన చెంప ఆనింది రెండో వైపు. ఈ తుపాకీతో తను జీవితాంతం కాల్చినా అతని చెంప ఉన్నచోట తన చెంప ఉండేది కాదన్నమాట. రోలండ్ బీరువాలో ఏదో వెతుక్కుంటున్నట్టు అటు తిరిగాడు. మేవిస్ తుపాకీ మూతి నేలకి దించి, ఎడమ భుజానికి మార్చి, ఆ నున్నటి చోట చెంప ఆనించింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత కొంగు లేని మనిషి కాబట్టి కోటు చేతితో మొహం తుడుచుకుని, తుపాకీ బల్ల మీద పెట్టేసింది.

ఆ వారంలోనే పియర్ట్ పచ్చికలో అదే గట్టు కింద ఒక కుందేలు కూర్చున్నచోటే ఒరిగిపోయింది. పక్కన మేస్తున్న గొర్రె తల కూడా ఎత్తలేదు. పియర్ట్ దగ్గరికొచ్చి కుందేల్ని చూశాడు, తర్వాత ఆమె చేతిలో ఉన్నదాన్ని చూశాడు.

"ఎవరిదమ్మాయ్ అది?"

"నాది" అంది మేవిస్.