గాలి ఏడికి పోతది?

మా ఊళ్లో బోరు మోటార్లు బాగుచేసే కాక ఏ యంత్రాన్నీ ముందు కంటితో చూసేవాడు కాదు. కళ్లు మూసుకుని చెవి ఆనించేవాడు. తర్వాత ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "గాలి ఏడికి పోతది?"

పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే నా కంప్యూటర్ ఆ ఎండాకాలం వేడెక్కి మాటిమాటికీ ఆగిపోయేది. ఒప్పుకున్న పెళ్లిళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. దాన్ని నీళ్లతో చల్లబరిచే కూలర్ కొందామని శంషాబాద్ బయలుదేరితే, కాక కూడా మోటారు సామాను కోసం నా బండెక్కాడు.

దుకాణంలో అద్దాల డబ్బాలో రంగురంగుల లైట్లతో ఒక సెట్టు నడుస్తోంది. నీళ్లు చల్లారే రేడియేటర్ అడుగున, నీళ్లు తిప్పే పంపు దాని పైన. చూడగానే అట్లాంటిదే కావాలన్నాను. కాక డబ్బాకు చెవి ఆనించాడు.

"గాలి ఏడికి పోతది?"

"ఇది సీల్ చేసి వస్తది కాకా, లోపలికి గాలి రాదు," అని నవ్వాడు దుకాణదారు.

"లోపల ఉన్న గాలి సంగతి అడుగుతున్న. అది పైకే వస్తది. పైన మోటరే ఉన్నది. గాలి పట్టిన మోటరు ఎన్ని దినాలు నడుస్తది? జర చెవి పెట్టి ఇను."

దుకాణదారు చెవి పెట్టాడు. నవ్వు ఆగిపోయింది. అన్నీ విప్పి, రేడియేటర్‌ను డబ్బా పైకప్పుకు బిగించాడు. అప్పటిదాకా నేను వినని బుడబుడ శబ్దం, ఆగిపోయాక తెలిసింది.

తిరిగి వస్తుంటే బండి వెనక నుంచి కాక నా భుజం తట్టాడు.

"అవురా, ఇంతకు ఆ డబ్బాతోని ఏం జేస్తరు?"