ఉమాశ్రీ ఫైల్లో పై లైను

నిడదవోలు స్టేషను వెనక వీధిలో ఒక మాట తిరుగుతోంది. సూర్యప్రకాశం గారి మనవరాలు ఉమాశ్రీకి ఉద్యోగగర్వం తలకెక్కి, కన్నతల్లిని మిట్టమధ్యాహ్నం గేటు బయట నిలబెట్టి లోపలికి పోయిందట. తల్లి ఏడ్చిందట, కూతురు పకపకా నవ్విందట. ఏడవడం మాత్రం పచ్చి అబద్ధం. మాణిక్యాంబ గారు ఏడిచే మనిషి కారు, ఏడిపించే మనిషి. మిగతాది జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి.

ఉమాశ్రీది కాపలా ఉద్యోగం. ఊరూరా మందుల షాపులు బిల్లు కొడితే ఆ లెక్క చేరే పెద్ద కంప్యూటర్లు ఎక్కడో దూరాన అద్దెకుంటాయి. దాన్ని క్లౌడ్ అంటారు, వాటి వాకిలిని ఫైర్‌వాల్ అంటారు. ఎవరిని రానివ్వాలో, ఎవరిని పొమ్మనాలో ఆ పిల్ల ఒక ఫైల్లో లైను కింద లైను రాస్తుంది. ఇంకొకరు చదివి సరేనన్నాక మీట నొక్కితే, వాకిలి ఫైలు చెప్పినట్టే నడుస్తుంది. పైనుంచి చదువుకుంటూ వస్తుంది, వచ్చినవాడికి తగిన లైను ఎక్కడ తగిలితే అక్కడే తీర్పు. కిందికి చూడదు. అందుకే షాపులన్నీ పైన, ‘ఇంకెవరికీ ప్రవేశం లేదు’ అన్నది అట్టడుగున ఉండాలి.

ఆ రోజు మొదటిసారి ఫైలంతా ఉమాశ్రీయే రాసింది. సవ్యంగా నడిస్తే ఇకమీదట ఇంటి నుంచే పని. తేడా వస్తే బెంగళూరు ఆఫీసులో కూర్చోవాలి. బెంగళూరు పేరెత్తితే చాలు, ఆ పిల్లకి ఆవకాయ కూడా చప్పబడిపోతుంది.

పని చేసుకోనిచ్చేదెవరు? కూరలమ్మి, గ్యాసు బండి, పెన్షను గొడవ చెప్పుకునే బుల్లియ్య, ఫోన్లో ఫోటో కనపడట్లేదంటూ ఎదురింటి అప్పాయమ్మ గారు. విసుగొచ్చి గబగబా ఓ కాగితం రాసి తాతగారి చేతిలో పెట్టింది.

"తాతయ్యా, దీని ప్రకారం గేటు చూసుకో."

సూర్యప్రకాశం గారు రైల్వే కేబిన్‌లో సిగ్నళ్ళు ఇచ్చి రిటైరైన మనిషి. రాతమూలకంగా లేకపోతే దేవుడి రథానికైనా దారివ్వరు. కుర్చీ తెచ్చుకుని గేటుకి అడ్డంగా వేసుకున్నారు.

కాసేపటికి బయట రభస.

"మావయ్యగారూ, గేటు తియ్యండి. కరివేపాకు కోసం పక్కింటికెళ్ళొచ్చానంతే!"

"కుదరదమ్మా మాణిక్యం. ఆర్డరు లేదు."

"నా ఇంట్లోకి నాకు ఆర్డరేంటండీ? పొయ్యి మీద పప్పుంది!"

ఉమాశ్రీ పరిగెత్తుకొచ్చింది. "అదేంటి తాతయ్యా! అమ్మ పేరు రాశానుగా!"

"రాశావు, కింద. పైన ఏం రాశావు? ‘ఎవరినీ రానివ్వొద్దు’ అని. మీ అమ్మ ఎవరిలోకి రాదా? పై లైనులోనే తేలిపోయాక కిందికెందుకు చదవడం?"

ఉమాశ్రీకి నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని, అరుగు మీద చతికిలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే బిగుసుకుపోయింది. పొద్దున ఆఫీసు ఫైల్లో కూడా మర్చిపోతానేమోనని ఆ మాటే ముందు రాసిపెట్టుకుంది. కిందికి దింపిన గుర్తు లేదు!

"ఉండమ్మా, వస్తున్నా!" అంటూ లోపలికి ఒకటే పరుగు.

"గేటు తీసి పోవే తల్లీ!"

ఫైలు చదవాల్సిన శరత్‌చంద్ర అప్పటికే పైపైన చూసి సరేననేశాడు. మీట నొక్కడమే మిగిలింది. "ఆపండి, ఆపండి!" అని ఫోన్లో అరిచి, పై లైనుని కిందికి దింపి, మళ్ళీ అతని చేత అక్షరం అక్షరం చదివించి, నొక్కాక గానీ ఉమాశ్రీ కుర్చీలోంచి లేవలేదు. షాపుల బిల్లులు చక్కగా నడిచాయి.

"ఎలా పట్టుకున్నారండీ?" అన్నాడు శరత్‌చంద్ర.

"మా అమ్మ పట్టించిందండి," అని అప్పుడు గుర్తొచ్చి గేటు దగ్గరికి పరిగెత్తింది. సూర్యప్రకాశం గారు కదలలేదు. కొత్త కాగితం రాసిచ్చాకే గేటు తెరిచారు. పప్పు మాడిపోయింది.

సాయంత్రం అప్పాయమ్మ గారు వచ్చి సూటిగానే అడిగేశారు. "దాపరికం లేకుండా చెప్పవే, మీ అమ్మని గేటు బయట నిలబెట్టింది నువ్వేనా?"

"నేనేనండి పిన్నిగారూ, పైగా నవ్వాను కూడాను. ఆవిడ ఎండలో నిలబడింది కాబట్టి నేనిక్కడున్నాను, లేకపోతే బెంగళూరుకి పెట్టె సర్దుకునేదాన్ని. ఈ మాట మీరే కాస్త ఆవిడకి చెబుదురూ, నాతో మాట్లాడట్లేదు."