హాలెండ్ చదువు, సద్కా కోడి

నస్రీన్ హాలెండ్ నుంచి తిరిగొచ్చి పట్టుమని వారం కాకముందే, ఆ పిల్లకి తలపొగరు పట్టిందని ఊరు తేల్చేసింది. ఇంతకీ ఆమె చేసిన ఘోరం ఏమిటయ్యా అంటే, తన కోళ్ళ ఫారం గేటు దగ్గర చెప్పులు విప్పమనడం. అంతే!

"గుడికైతే విప్పుతాం, మసీదుకైతే విప్పుతాం. కోళ్ళ పెంట తొక్కడానికి కూడా విప్పాలా అక్కా?" అన్నాడు గుడ్లు తీసుకెళ్ళే వ్యాను డ్రైవరు గిరీష్.

"విప్పాలి. విప్పి, ఈ మందునీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచి, నేనిచ్చే రబ్బరు బూట్లు వేసుకుని రావాలి. కుదరదంటావా, గేటు బయటే ఉండు. గుడ్లు నేనే మోసుకొచ్చి ఇస్తా."

"బయటే ఉంటాలే" అని మొహం మాడ్చుకున్నాడు గిరీష్. మర్నాటి నుంచి గేటు బయట వ్యాను ఆపి, పెళ్ళివారి బస్సులాగా హారన్ మోగించడం మొదలుపెట్టాడు. ఆ మోతకి కోళ్ళు బెదిరిపోయి ఇనప కేజీల్లో రెక్కలు టపటపా కొట్టుకునేవి. గుడ్లు పగిలేవి. ఒక తలనొప్పి వదిలించుకుంటే దాని తోబుట్టువు తగులుకునేది.

నస్రీన్ ఫారం భట్టిప్రోలు దాటి రేపల్లె వెళ్ళే దారిలో, కాలవ పక్కన, ఇంటిని ఆనుకునే ఉంది. పుట్టిల్లు చీరాల. పశువైద్యంలో డిప్లొమా చేసి, పెళ్ళికి ముందు బాపట్ల దగ్గర ఒక కోడిపిల్లల హేచరీలో పని చేసింది. భర్త సైఫుల్లాకి తెనాలిలో గుడ్ల దుకాణం. ఎవరో పెంచిన కోళ్ళ గుడ్లు మనం అమ్మడమెందుకు, మనమే పెంచుదామని పోరి షెడ్డు వేయించింది నస్రీనే. మొదటి బ్యాచి బ్రహ్మాండంగా పెరిగింది. తీరా గుడ్లకొచ్చే వేళకి కొక్కెర తెగులు వచ్చి పడింది. పిల్లల దగ్గర్నుంచి సాకిన పెట్టలు మెడలు మెలి తిప్పుకుని, గిర్రున తిరిగి, కళ్ళ ముందే పడిపోతుంటే గొయ్యి తవ్వించడం తప్ప ఆమె చేయగలిగింది లేకపోయింది. అన్నం ముద్ద నోటికి పోలేదు చాలా రోజులు. రెండో బ్యాచి వేసేటప్పుడు సైఫుల్లా మెల్లిగా అన్నాడు: "ఈసారి కూడా ఇట్లాగే అయితే రేకులు విప్పేద్దాం నస్రీన్. నీ ఏడుపు నేను చూడలేను." ఆమె సరేనంది. కాబట్టి ఈ కోళ్ళు బతికితే ఫారం ఉంటుంది, పోతే పోతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

రెండో బ్యాచి పిల్లలు పెరుగుతుండగానే వచ్చింది హాలెండ్ కబురు. కోళ్ళ పెంపకం, ఆరోగ్యం, మేత, ఈ మూడింటి మీద అక్కడ ఒక శిక్షణ సంస్థ నానా దేశాల వాళ్ళకి పాఠాలు చెబుతుందట. ఖర్చంతా వాళ్ళదేనట. షరతు ఒక్కటే, నేర్చుకున్నది తిరిగొచ్చి తోటి రైతులకి చెప్పాలి. బాపట్లలో ఇంటర్వ్యూ పెట్టారు. మీ మొదటి బ్యాచి ఎందుకు పోయిందని అడిగారు. "ఎవరు పడితే వాళ్ళు షెడ్డులోకి రావడం వల్లనండి. రావద్దని చెప్పడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది" అంది. ఆ ఒక్క ముక్కకే ఎంపిక చేసినట్టున్నారు.

అక్కడ ఆమెకి అన్నింటికంటే వింతగా తోచింది స్నానం. షెడ్డులోకి వెళ్ళాలంటే స్నానం, వచ్చాక స్నానం. మన బట్టలు బయటే వదిలేసి వాళ్ళ బట్టలు తొడుక్కోవాలి. ఆ చలిదేశంలో తల ఆరబెట్టుకోవడానికే సగం రోజు సరిపోయేది. ఒకరోజు మాస్టారు, మీ ఫారంలోకి వారంలో ఎవరెవరు వస్తారో చెప్పమన్నాడు. నస్రీన్ మొదలుపెట్టింది: దాణా లారీ వాళ్ళు, గుడ్ల వ్యాను వాళ్ళు, ఎరువు కోసం పక్క పొలం రైతులు, కరెంటు పని చేసే సన్నీ, వాడి వెనకాల వాడి స్నేహితులు, కోళ్ళని చూస్తే గానీ అన్నం తినని ఆడపడుచు పిల్లలు, ఓట్లడిగేవాళ్ళు, మరిదికి పిల్లనిద్దామని ఇల్లూ వాకిలీ చూసుకోవడానికి వచ్చిన పెద్దమనుషులు... మాస్టారు చెయ్యెత్తి ఆపేశాడు. నేను అడిగింది ఫారం గురించి, పండగ గురించి కాదన్నాడు. క్లాసంతా నవ్వింది. పక్కన కూర్చున్న ఇథియోపియా ఆవిడ మాత్రం నవ్వలేదు. మా ఊళ్ళోనూ ఇంతేనని నస్రీన్ చెయ్యి నొక్కింది. దీనికి మందేమిటని అడిగితే మాస్టారు రెండే మాటలు చెప్పాడు: గేటు, తాళం. ఆయనకేం, ఎన్నయినా చెబుతాడు! ఆయన అత్తగారు కోళ్ళ షెడ్డు గేటు దాకా వచ్చిన మనిషై ఉండదు.

వచ్చాక నస్రీన్ గేటు పెట్టించింది, తాళం వేసింది, తొట్టి కట్టించింది. మేత మార్చింది, లైట్ల వేళలు మార్చింది. వాటికి ఎవరూ నోరెత్తలేదు. ఎన్ని మూటలు దాణా మార్చినా జనానికి పట్టదు. వాళ్ళ పాదాల జోలికి వస్తేనే వస్తుంది తంటా.

సైఫుల్లా మంచివాడు. మంచివాడు కావడమే వచ్చిన చిక్కు, ఎవరినీ కాదనలేడు. తెనాలి బజారంతా తిరిగొచ్చిన పాత గుడ్ల అట్టలు మళ్ళీ షెడ్డుకే తెచ్చేవాడు. "ఇవి ఏ ఫారం నుంచి ఏ రోగం మోసుకొచ్చాయో మీకు తెలుసా?" అని ఆమె అరిస్తే, "పారేయడానికి మనసొప్పదు కదా" అనేవాడు. ఆమె తల పట్టుకునేది. షెడ్డులో పని చేసే అంకమ్మ ఒక్కతే మాట వినేది. అదీ నమ్మకం ఉండి కాదు. "అమ్మ దేశాలు పోయొచ్చింది, ఏదో ముచ్చట పడతంది" అని.

ఇక అత్తగారు మహబూబ్ బీ. ఆవిడకి కోడలంటే ప్రాణం. హాలెండ్ వెళ్ళిందని రేపల్లెలో గడపగడపకీ చెప్పుకొచ్చింది ఆవిడే. చెప్పినంతసేపూ చెప్పి, ఇంటికొచ్చి, ఇంతమంది కళ్ళు పడ్డాయే అని దిగులుపడేదీ ఆవిడే.

పెట్టలు అప్పుడప్పుడే గుడ్ల జోరు అందుకుంటున్నాయి. సరిగ్గా అప్పుడు, పల్లెకోన వైపు పెరటి కోళ్ళు రాలిపోతున్నాయన్న కబురు వచ్చింది. నస్రీన్ లెక్క చూసుకుంది. కొక్కెర తెగులు టీకా ఇంకో విడత వేయాల్సి ఉంది. ఐస్ డబ్బా పట్టుకుని తెనాలి బయల్దేరుతూ, అత్తగారి చేతులు పట్టుకుని మరీ చెప్పింది: "అత్తమ్మా, నేనొచ్చేదాకా గేటు తీయొద్దు. ఎవరినీ రానీయొద్దు. తప్పదంటే చెప్పులు విప్పించి, కాళ్ళు తొట్టిలో ముంచించు."

"నాకు చెప్పాలా అమ్మా? నువ్వు నిశ్చింతగా పోయిరా" అంది మహబూబ్ బీ.

మధ్యాహ్నానికి టీకాతో తిరిగొచ్చేసరికి అత్తగారు వాకిట్లో తమలపాకులు వేసుకుని, ఏదో పెద్ద బరువు దించుకున్న దానిలా కూర్చుని ఉంది.

"ఎవరూ రాలేదుగా అత్తమ్మా?"

"ఈగని కూడా రానీలా. అంతా నేనే చూసుకున్నా. సద్కా కూడా తీసేశా, ఇంక భయం లేదు."

నస్రీన్ డబ్బా కింద పెట్టింది. "ఏం సద్కా?"

"ఏం సద్కా ఏంటే? ఇంతమంది నజర్ తగిలిన షెడ్డుకి దిష్టి తీయొద్దూ? ఆటోలో రేపల్లె పోయి మంచి నల్లకోడిని తెచ్చా. షెడ్డులో ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి కేజీ ముందూ తిప్పా. తిప్పి అంకమ్మకి ఇచ్చేశా, ఆ పిల్లాజెల్లా ఉన్నది తింటుందని."

"బజారు కోడిని... షెడ్డు లోపలికి తెచ్చావా?"

"నువ్వు చెప్పినట్టే తెచ్చానే! చెప్పులు గేటు దగ్గరే విప్పా. కాళ్ళు తొట్టిలో ముంచా." ఆవిడ గర్వంగా ముందుకి వంగింది. "కోడి కాళ్ళు కూడా ముంచా."

నస్రీన్ ఇంక ఆగలేదు. వాకిట్లో దింపిన దాణా మూటల మధ్య నిలబడి, ఇన్నేళ్ళ కోడలి మర్యాదంతా గాలికొదిలేసి అరిచింది. "కొంప ముంచావు కదా అత్తమ్మా! రోగం కాళ్ళల్లో ఉంటుందా? అది ముక్కుతో వదులుతుంది, నోటితో వదులుతుంది, ప్రతి కేజీ ముందూ వదిలింది! ఊళ్ళోవాళ్ళందరినీ శత్రువుల్ని చేసుకుని గేటు కాస్తే, ఇంట్లోంచే వస్తుందనుకోలేదు!" మహబూబ్ బీ బిత్తరపోయి చూసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నస్రీన్‌కీ తిరిగాయి. కానీ ఏడుస్తూ కూర్చునే తీరిక ఎక్కడిది?

స్నానం చేసి, బట్టలు మార్చుకుని షెడ్డులోకి పోయింది. నీళ్ళ పైపులు కట్టేసి, కోళ్ళకి బాగా దాహం పట్టనిచ్చి, పాలపొడి కలిపిన నీళ్ళలో టీకా కలిపి పట్టింది. కేజీలూ నేలా మందు కొట్టింది. ఆ టీకా పడిందో లేదో, మర్నాడు అంకమ్మ గేటు బయట నుంచే కేకేసింది.

"అమ్మా! ఆ నల్లకోడి పొద్దున్నే మెడ మెలి తిప్పుకుని సచ్చిపోయింది!"

నస్రీన్ గేటు దాకా పరుగెత్తింది. ఇంట్లోంచి మహబూబ్ బీ పరుగెత్తుకొచ్చి, రెండు చేతులూ పైకెత్తి, "అల్హమ్దులిల్లా!" అంది. "చచ్చిందా! చూశావటే? షెడ్డు మీదికి రావాల్సిన బలా, పీడా అంతా అది మీదేసుకుని పోయింది!" అంకమ్మ కూడా చెంపలేసుకుని, నిజమే బూబమ్మా అంది. ఒకే చావు! ఒకావిడకి గండం గడిచినట్టు, ఇంకో ఆవిడకి గండం మొదలైనట్టు.

"అంకమ్మా, నువ్వు ఇంటికెళ్ళి దాన్ని సున్నం వేసి లోతుగా పాతిపెట్టు. నేను చెప్పేదాకా ఇటు రాకు. కూలి ఎక్కడికీ పోదు" అంది నస్రీన్. తను షెడ్డు పక్క గదిలోనే మకాం పెట్టింది. అన్నం క్యారేజీ గేటుకి తగిలించిపోవాలి. లోపలికి మనిషి రాకూడదు, మొగుడైనా సరే. తెల్లవారుతూనే కేజీల మధ్య నిలబడి, ఏ కోడి ముక్కు గురగురలాడుతుందోనని ఊపిరి బిగబట్టి వినేది. మూలనున్న కేజీల్లో కొన్ని పోయాయి. తర్వాత గుడ్లు తగ్గాయి, పెంకు లేని తోలు గుడ్లు పడ్డాయి. ఇంక అయిపోయింది, రేకులు విప్పడమే అనుకుంది. సైఫుల్లా గేటు బయట నిలబడి క్యారేజీ మూత తీసి పెట్టేవాడు. ఆ తర్వాత చావులు ఆగాయి. ఆగాయంటే నమ్మడానికి కూడా ఆమెకి భయమేసింది. మెల్లిగా గుడ్లు పెరిగాయి, పెంకు గట్టిపడింది. చుట్టుపక్కల ఎన్నో ఫారాలు ఖాళీ అయితే, కాలవ పక్కన నస్రీన్ కోళ్ళు మాత్రం నిలబడ్డాయి.

ఇక చూడండి! ఆ మాట తెనాలి దాకా, చీరాల దాకా పాకింది. బాపట్లలో రైతుల సమావేశం పెట్టి ఆమెని మాట్లాడమన్నారు. కొల్లూరు లంకల నుంచి కూడా వచ్చారు జనం. హాలు నిండిపోయింది. ముందు వరసలో కొత్త చీర కట్టుకుని మహబూబ్ బీ కూర్చుంది. నస్రీన్ గొంతు పోయేలా చెప్పింది. టీకా ఎందుకు, ఎప్పుడు, ఏ నీళ్ళలో, పాత అట్టలు ఎందుకు కాల్చేయాలి, గేటు ఎందుకు. ఒక్కడంటే ఒక్కడు కలం తీయలేదు. గంగిరెద్దుల్లా తలలూపుతూ కూర్చున్నారు. ప్రశ్నలుంటే అడగమంది. కారంచేడు రైతు హనుమయ్య లేచి నిలబడ్డాడు.

"అన్నీ బానే చెప్పారమ్మా, అసలు సంగతే దాటేశారు. ఆ కోడి నల్లదే అయ్యుండాలంటారా? ఎర్రదైతే పనికిరాదా?"

హాలంతా ఒక్కసారిగా ముందుకి జరిగింది. నస్రీన్‌కి ఒళ్ళంతా మంట పుట్టింది. హాలెండ్ నుంచి మోసుకొచ్చిందంతా ఈ నల్లకోడి కాళ్ళ కింద పోసినట్టయింది! ఆమె నోరు తెరిచేలోపే ముందు వరసలోంచి మహబూబ్ బీ లేచింది.

"నల్లదే. ఎక్కడా తెల్ల ఈక ఉండకూడదు. చెప్పులు గేటు దగ్గరే విప్పాలి, మందునీళ్ళలో కాళ్ళు ముంచాలి. మీవీ, కోడివీ."

చకచకా కలాలు బయటికొచ్చాయి. కలం లేనివాళ్ళు పక్కవాణ్ణి అడిగి తీసుకున్నారు. నస్రీన్ ఆ వంచిన తలల్ని చూసింది. రేపు ఇంతమందీ సంతకెళ్ళి ఇన్ని కోళ్ళు కొని, ఇన్ని షెడ్లలోకి మోసుకెళ్తారు. ఆమె మైకు గట్టిగా పట్టుకుంది.

"ఆగండి. మా అత్తమ్మ ఒకటి మర్చిపోయింది. కోడిని గేటు బయటే తిప్పాలి, బయటి నుంచే ఇచ్చేయాలి. గేటు దాటి లోపలికి తెచ్చారో, పోవాల్సిన పీడ మీ కోళ్ళకే తగులుకుంటుంది. హాలెండ్‌లో మరీ మరీ చెప్పారు."

అదీ రాసుకున్నారు. ఒకాయన దాని కింద గీత కూడా గీసుకున్నాడు.

మెట్లు దిగుతుంటే మహబూబ్ బీ కోడలి మోచెయ్యి పట్టి ఆపింది. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"హాలెండ్‌లో కూడా సద్కా తీస్తారటే?"

"తీస్తారు అత్తమ్మా. గేటు బయట."

"మరి ఆ ముక్క వచ్చిన రోజే ఎందుకు చెప్పలేదే?" అంది ముసలావిడ. "చెప్పి ఉంటే నేను లోపలికి తెచ్చేదాన్నా?"