బిడ్డ తెచ్చిన ఉప్పు

బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళు చెమట కార్చిన పోశం ఉప్పు చాలని తిండిని తిండిగానే లెక్కబెట్టడు. చెమటతో పోయిన ఉప్పు మళ్ళీ ఒంట్లో పోసుకోవాలన్నది బాయి మీది మాట. నౌకరీ దిగిపోయి మంచిర్యాలలో ఇల్లు కట్టుకున్నా, జొన్న గటకలో నాలుగు వేళ్ళ నిండా ఉప్పు తీసి కలపందే ముద్ద దిగదు.

బీపీ వచ్చాక ఆ ఉప్పు మీదే ఇంట్లో రోజూ లొల్లి. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే కూతురు రేవతి, సోడియం తక్కువున్న ఉప్పు ప్యాకెట్లు తెచ్చి ఆ తగువు తీర్చింది. "ఇగ ఫికర్ లేదు బాపూ, గిది ఎంతైనా తిను" అంది. పోశం ఆ ఉప్పు గొప్ప వాడకట్టంతా చెప్పుకున్నాడు.

ఇవాళ, బీపీకి కిడ్నీలు కూడా దెబ్బతిన్న పోశం రిపోర్టు చూసి కిడ్నీ డాక్టరు కంగారుపడ్డాడు. రక్తంలో పొటాషియం పెరిగిపోయింది, ఇంకా పెరిగితే గుండె ఆగిపోతుందట. మందిచ్చి, తిండిలో రోజుకు నలభై మిల్లీమోల్స్ దాటొద్దని చీటీ రాశాడు.

"గా మోల్సు నాకేమెరుక? తూకంల చెప్పు" అంది వంటింట్లో రేవతి తల్లి మల్లక్క.

రేవతికి అది రోజూ బోర్డు మీద చెప్పే పాఠమే. "ఒక మోల్ పొటాషియం ముప్పై తొమ్మిది గ్రాములు అవ్వా. నలభై మిల్లీమోల్స్ అంటే గ్రామున్నర. దినమంత తినేదాంట్ల గంతే ఉండాలె."

పొటాషియం ఎక్కువని అరటిపండ్లు, టమాటాలు పక్కన పెట్టించింది. మల్లక్క ఉప్పు డబ్బా నింపబోతుంటే, ప్యాకెట్ వెనకున్న చిన్న అక్షరాలు రేవతి కంటబడ్డాయి. పొటాషియం క్లోరైడ్, ముప్పై శాతం.

బాపు రోజుకు ఇరవై గ్రాములకు తక్కువ తినడు. అందులో ఆరు గ్రాములు ఇదే. దాని మోల్ బరువు డెబ్బై నాలుగున్నరతో భాగిస్తే ఎనభై మిల్లీమోల్స్. ఒక్క ఉప్పులోనే మూడు గ్రాముల పొటాషియం, హద్దుకు రెండింతలు! సోడియం తీసిన చోట ఏం నింపారని తానెన్నడూ చూడలేదు. పిల్లలకు అర మార్కు కూడా వదలని మనిషి!

ముందుగదిలో పోశం అప్పటికే గటకలో ఉప్పు కలిపేశాడు. రేవతి ఉరికొచ్చి గిన్నె లాగేసుకుంది.

"గిదేంది బిడ్డా, పిచ్చిలేసిందా?" అన్నాడు పోశం బిత్తరపోయి.

"గీ ఉప్పే నిన్ను చంపుతున్నది బాపూ. నేనే తెచ్చిన. లే, దవాఖానకు పోదాం. డాక్టరుకు చెప్పాలె."

పోశం లేచి అంగీ తొడుక్కున్నాడు.

"దుకాణంల నేనే కొన్న అని చెప్త" అన్నాడు. "నువ్వు ఆడ నోరు తెరువకు."