బీరువా మీద పెట్టిన ఫిల్ము

ఆరేళ్లుగా ఈ మాట నా గొంతు దాటలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ఒకరోజు నగరి నుంచి మగ్గం నేసే మనిషి ఒకడు వచ్చాడు. అలిపిరి మెట్ల దగ్గర ఆయాసం వస్తే భార్య తీసుకొచ్చిందట. ఆమె బయట చీటీ రాయిస్తుంటే, అతను పాత ఫిల్ము కవరు నా చేతికిచ్చాడు. పేగు గోడలో గాలి బుడగలుండే అరుదైన జబ్బట. ఆ గాలి కడుపులోకి వస్తుంటుందని, ఫిల్ములో చూస్తే పేగుకు చిల్లు పడినట్టే కనబడుతుందని, ప్రాణభయం మాత్రం లేదని చెన్నైలో చెప్పారట. పాత ఫిల్మును కొత్తదానితో కలిపి డాక్టరుకు పంపడం మా పద్ధతి. బయట జనం అరుస్తున్నారు. నాకు విసుగు. కవరు బీరువా మీద పడేశాను.

కొత్త ఫిల్ములో, పొట్ట పైభాగాన నెలవంకలా గాలి. అతని మాట ఒక్కటే నమ్మి ఆగలేనని డాక్టరు అన్నాడట; పాత ఫిల్ము ఉందట కదా అని నర్సు వచ్చి అడిగింది. లేదన్నాను, తల కూడా తిప్పకుండా. మరిచిపోయానా? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. లేదు. లేచి మూడడుగులు వేయడానికి బద్ధకించాను, అంతే.

పొట్ట కోశారు. చిల్లు లేదు. ఆ కోత నుంచి అతను కోలుకోలేదు, తొమ్మిదో రోజు పోయాడు. ఆ ఫిల్ము చూసి ఉంటే కత్తి పట్టేవాణ్ణి కాదని డాక్టరు తర్వాత అన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

సామాన్లు సర్దుకునే రోజు అతని భార్య నా గది గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఆ ఫిల్ము నేనే ఆటోలో ఇడిసిపెట్టింటానా అన్నా? ఈడ ఇచ్చినానని ఆయన సెప్తానే ఉన్న్యాడు."

కవరు నా తల పైనే ఉంది. ఉద్యోగం పోతుందన్న భయం తప్ప నాలో ఇంకేమీ లేదు.

"అయ్యుండొచ్చమ్మా," అన్నాను.

"అయితే ఆయన్ని నేనే సంపుకున్నా," అని ఆమె వెళ్లిపోయింది.

ఆ కవరు ఇప్పుడు మా ఇంట్లో, నా బట్టల కింద ఉంది. దాన్ని పట్టుకుని రెండుసార్లు నగరి బస్సెక్కాను. రెండుసార్లూ పుత్తూరులోనే దిగిపోయాను. మూడోసారి ఎక్కుతానని నాకు నమ్మకం లేదు.

ఆమె ఆటోలో ఏమీ మరిచిపోలేదు. ఫిల్ము నా దగ్గరే ఉండింది. ఇది రాశాక నాకు కాస్త ఊపిరి ఆడుతోంది. నగరిలో ఆమెకు ఆ కాస్త కూడా లేదు.