వచ్చే నెల వేయిద్దాం

మొన్న శుక్రవారం ఉదయం మా అత్తగారు పోయారు. గుణదలలో మా వీధి వీధంతా వచ్చింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. ముందు మాత్రం ఇది చెప్పాలి: నా కొడుకు చెవులు పోవడానికి కారణం ఆవిడే.

వాడు నెలలు నిండకుండా పుట్టాడు. కంటికి రెప్పలా పెంచింది ఆవిడేనన్న మాట కాదనను. తట్టు టీకా మాటెత్తితే, "పచ్చికుండలో నీళ్లు పోస్తామా అమ్మాయ్? కాస్త గట్టిపడనీ" అనేవారు. పిల్లల డాక్టరు గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు: "ఇంతకుముందు వేసిన టీకా తీవ్రంగా వికటించినా, రోగాన్ని తట్టుకునే శక్తిని బాగా తగ్గించే జబ్బున్నా అప్పుడు ఆలోచిద్దామండీ. వీడికి అవేం లేవు. ముక్కు కారుతోందని మాత్రం ఆపకండి." అత్తగారు బుద్ధిగా తలూపారు.

నర్సమ్మ వీధిలోకి వచ్చే వేళకి నేను బట్టల కొట్లో డ్యూటీలో ఉండేదాన్ని. సాయంత్రం అడిగితే ఒకటే జవాబు. "తుమ్ముతున్నాడు. వచ్చే నెల వేయిద్దాంలే." పోట్లాడాను, మా ఆయన చేత చెప్పించాను. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

తట్టు వచ్చింది. అప్పటికే ముద్దుముద్దుగా మాట్లాడుతున్న పిల్లాడు, జ్వరం తగ్గాక పిలిస్తే పలకలేదు. తట్టు వల్లే వినికిడి పోయిందన్నారు డాక్టరు గారు.

"వాడి చెవులు మీరే తీశారు" అన్నాను, ముఖం మీదే.

"అవునమ్మాయ్. ఇంక నేను చావకూడదు. వాడితో ఎవరు మాట్లాడతారు?" అన్నారు.

నోట్లో వక్కపలుకు లేనిదే ఉండలేని మనిషి, పెదవులు వాడికి సరిగా కనపడాలని అది మానేశారు. వెలుగుకి ఎదురుగా కూర్చుని చందమామ, బస్సు, గోంగూర అంటూ ఒక్కో మాటా నిదానంగా పలికేవారు. వాడు చూసి తిరిగి పలికేవాడు. నాది గబగబా మాట్లాడే నోరు, వాడికి అందదు. వాడికి నేనేం చెప్పాలన్నా ఆవిడే చెప్పేవారు. తిట్టుకుంటూనే ఆవిడ మీద ఆధారపడి బతికాను. ఆ రుణం తీరదు, ఆ కోపమూ తీరదు.

శుక్రవారం స్నానం చేయించి, తెల్లగుడ్డతో దవడ కట్టి, ముందుగదిలో పడుకోబెట్టారు. నానమ్మ పోయిందని ఏడేళ్లవాడికి ఎలా చెప్పాలో ఎవరికీ తెలియలేదు. చెప్పగలిగిన మనిషి ఆవిడే.

వాడు వచ్చి కాసేపు చూశాడు. తర్వాత ఆ గుడ్డ ముడి విప్పడం మొదలుపెట్టాడు. మా ఆయన వెళ్లబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. గుడ్డ జారింది. ఆవిడ నోరు కొంచెం తెరుచుకుంది. వాడు దగ్గరగా జరిగి, ఆ పెదవుల మీంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు.