జామతోట గేటు దాటాక వేసిన బాణాలు

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ణి. ముప్పై ఐదేళ్లు సర్వే పని చేసి రిటైరయ్యాను. శ్మశానాల పక్కన డేరా వేసుకుని పడుకున్నాను, పాడుబడ్డ బావుల లోతు కొలిచాను. ఎక్కడా ఏదీ కనబడలేదు. కొరివి దయ్యాన్ని చూశానని మనవలకి చెప్పిన మాట నిజమే. అది వాళ్ల చేత అన్నం తినిపించడానికి.

మాది వనస్థలిపురం. పొద్దున్నే కాలనీ పార్కులో నడిచే పదిమందిమి కలిసి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఎవరెంత దూరం జాగింగ్ చేశారో అందులో రోజూ పెట్టాలి. డెబ్బై ఒకటో ఏట కూడా పది కిలోమీటర్లు పెట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. అందులో నాలుగు కిలోమీటర్లు కాళ్ల మీద, మిగతా ఆరూ స్కూటర్ మీద. ఫోన్ జేబులో పెట్టుకుని నెమ్మదిగా నడిపితే దానికి తేడా తెలియదు.

పార్కులో గుండ్రంగా తిరిగి విసుగొచ్చిందని అందరూ అంటుంటే నేను ఒక కొత్త దారి కనిపెట్టానని ప్రకటించాను. పెద్ద అంబర్‌పేట్ దాటాక హైవే వదిలి లోపలికి వెళితే ఒక టీకొట్టు, అక్కణ్ణుంచి మట్టిబాట, జామతోట, తర్వాత నీలగిరి చెట్ల అడవి, అడవిలో బాట చీలిన చోట ఎడమకి తిరిగితే చెరువుకట్ట. మొత్తం ఎనిమిది కిలోమీటర్లు. మూడుసార్లు తిరిగొచ్చాననీ, ముప్పై నెమళ్లను చూశాననీ రాశాను.

నెమళ్లు రెండు. నేను వెళ్లింది జామతోట గేటు దాకా. ఆ తర్వాతదంతా ఫోన్‌లో మ్యాప్ చూసి రాసిందే.

ఆదివారం అందరం వెళదామన్నారు. ఎవరూ దారి తప్పకుండా ముగ్గుతో బాణాలు వేసి వస్తానని చెప్పాను. బుధవారం మా ఆవిడ ముగ్గుడబ్బా తీసుకెళ్లి నూరడుగులకొకటి చొప్పున వేశాను. సర్వే వాళ్ల అలవాటు కొద్దీ ప్రతి బాణం నెత్తిన ఒక అడ్డగీత పెట్టాను. గేటు దగ్గరికి వచ్చేసరికి ముగ్గు అయిపోయింది, మోకాలు కూడా మొరాయించింది. ఇంటికొచ్చి, ఎనిమిది కిలోమీటర్లూ వేసేశానని గ్రూపులో పెట్టాను. మిగతావి శనివారం వేయొచ్చులే అనుకున్నాను.

యాదగిరి శుక్రవారమే వెళ్లాడు.

ఆయనకి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉంది. పోచంపల్లి వైపు నేతపని ఇంటివాడు, మంచి మనిషి. అంతకు ఆరు నెలల ముందే గుండెకి రెండు స్టెంట్లు వేశారు. మెల్లగా జాగింగ్ చేయొచ్చని డాక్టరు చెప్పినప్పటి నుంచి నన్ను గురువుగా చూసుకునేవాడు. నేను స్నానం చేసి వచ్చి ఏడింటికి ఫోన్ చూస్తే, ఆరుకి ముందే ఆయన పంపిన మాట ఉంది.

“ఆదివారం దుకాణం ఇడిసిపెట్టి రానీకి కాదు సార్. ఇయ్యాల్నే ఒక్కణ్ణే పోతున్న. మీ బాణాలున్నయి గదా, పరేషాన్ లేదు.”

ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆరుసార్లు చేశాను. తోట దాటాక బాణాల్లేవు. అడవిలో పశువుల బాటలు ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు. ఎక్కడో ఒకచోట దారి తప్పి, కంగారుపడి పరుగెత్తితే ఆ గుండె ఏమవుతుందో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలలేదు. స్కూటర్ తీశాను.

టీకొట్టు దగ్గర ఆయన బండి ఉంది. మట్టిబాట మీద నా బాణాలు చెదరకుండా ఉన్నాయి. జామతోట గేటు వచ్చింది. నా ఆఖరి బాణం కూడా కనబడింది.

గేటు దాటి నూరడుగుల దూరంలో ఇంకో బాణం ఉంది.

స్కూటర్ ఆపి దిగాను. నెత్తిన అడ్డగీత ఉంది. మా ఆవిడ ముగ్గులో కాస్త బియ్యప్పిండి కలుపుతుంది, చీమలు తింటాయని. నా బాణాలన్నిటి మీదా చీమలు బారులు కట్టి ఉన్నాయి. ఈ బాణం మీదా ఉన్నాయి. మళ్లీ నూరడుగులకి ఇంకొకటి. అలా అడవి లోపలిదాకా ఉన్నాయి. తోట కాపలా మనిషిని తర్వాత అడిగాను. బుధవారం నుంచి ఆ మూడు రోజుల్లో ఆ బాటన యాదగిరి, నేను తప్ప ఎవరూ అడవి వైపు పోలేదన్నాడు.

చీలిక దగ్గర బాణం కుడికి ఉంది. కుడివైపు ఒక దారి ఉందనే నాకు తెలియదు. మ్యాప్‌లో అక్కడ చెట్లే కనబడతాయి. ఆ దారి కాసేపట్లోనే ఒక తారురోడ్డు మీదికి తేలింది. పక్కనే పాలు పోసే కేంద్రం. అరుగు మీద యాదగిరి, చొక్కా తడిసి ముద్దయి, ఛాతీ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పాల క్యాన్లు పక్కకి నెట్టి ఒకావిడ ఆయనకి విసురుతోంది.

“మీతోటి మనిషేనా తాతా? చెమటలు ఆగుతలేవు. అంబులెన్సుకు ఫోన్ కొట్టిన, ఒస్తున్నదంట.”

వచ్చింది. ఇంకో అరగంట ఆలస్యమైతే చేయడానికేమీ ఉండేది కాదని దవాఖానలో డాక్టరు చెప్పారు.

నాలుగు రోజుల తర్వాత బాణాలు ఫోటో తీద్దామని వెళ్లాను. మధ్యలో వాన పడింది. నావీ లేవు, అవీ లేవు. చీలిక దగ్గర ఎడమకి తిరిగి, మొదటిసారి చెరువుకట్ట దాకా నడిచాను. అక్కడ ఫోన్‌కి సిగ్నల్ లేదు. కట్ట పొడుగునా ఒక్క మనిషి కనబడలేదు.

యాదగిరి ఇంటికొచ్చాక చూడబోయాను. ఆయన భార్య నాకు బొట్టు పెట్టి, మెడలో తమ మగ్గం మీద నేసిన తువ్వాలు వేసింది. దేవుడిలా దారి చూపించారంది. ఇక ఆగలేకపోయాను.

“అవి నేను వేసినవి కాదమ్మా. గేటు దాటి నేనెప్పుడూ వెళ్లనేలేదు. గ్రూపులో పెట్టింది అబద్ధం.”

ఆవిడ నవ్వింది. “సారు ఉన్నది సుత ఒప్పుకోరు. గొప్పలు చెప్పుకునుడు ఆయనకు ఇష్టం లేదు.”

జీవితంలో నన్నెవరూ ఆ మాట అనలేదు. యాదగిరి మాత్రం నవ్వలేదు. నావైపు వింతగా చూశాడు.

“ఏంది సార్, మజాక్ చేస్తున్నరా? నా ముంగట ఒంగి బాణాలు ఏసుకుంట పోయింది మీరే గదా. గా నీలి టోపీ, గదే నడక. పిలిస్తే తిరిగి సూడలే, పనిల ఉన్నరనుకున్న. చీలిక కాడ ఎడమకు నాలుగడుగులేసిండ్రు. జరసేపు నిలబడి, ఎనకకొచ్చి కుడికి గీసిండ్రు.”

ఆ సమయానికి నేను ఇంట్లో ఉన్నాను. టోపీ తలుపు వెనక కొక్కేనికి ఉంది. మా ఆవిడ కూరగాయలకి వెళ్లింది కాబట్టి సాక్ష్యం లేదు. గ్రూపులో నిజం రాశాను. అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. స్కూటర్ సంగతి కూడా రాశాను, అదీ నమ్మలేదు.

ఎవరో ఏమిటో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. శనివారం దాకా ఆగకుండా బుధవారమే ఆ దారంతా నేను బాణాలు వేసి ఉంటే, చీలిక దగ్గర ఎడమకే వేసేవాణ్ణి.